శస్త్రచికిత్స, పర్యావరణ పరిరక్షణ: మదురై చూపిన మార్గం

ఆసుపత్రి అనగానే పరిశుభ్రత జ్ఞప్తికి వస్తుంది. అందులోనూ శస్త్రచికిత్సా మందిరం పరిశుభ్రతకు పరాకాష్ఠ. అక్కడి గాలి వడగట్టినది, వస్త్రాలు క్రిమిరహితమైనవి, పరికరాలు ఆవిరిలో ఉడికినవి. అయితే ఆపరేషను ముగిసిన తరువాత ఆ మందిరం నుండి బయటకు వెళ్లే సంచులను పరిశీలిస్తే మరొక దృశ్యం కనిపిస్తుంది. ఒక్కసారి మాత్రమే వాడిన గౌనులు, ప్లాస్టిక్ గొట్టాలు, చేతి తొడుగులు, విప్పి కూడా వాడకుండా పక్కన పెట్టిన సామగ్రి, సగం మిగిలిన మందుసీసాలు, వీటన్నిటినీ చుట్టి వచ్చిన కాగితాలు ఆ సంచుల నిండా ఉంటాయి. కంటికి కనిపించనివి మరికొన్ని ఉన్నవి. రోగి విడిచిన మత్తువాయువులు గొట్టాలగుండా బయటి గాలిలో కలుస్తాయి. మందిరాన్ని చల్లగా ఉంచే యంత్రాలు రేయింబవళ్లు తిరుగుతూ ఎక్కడో దూరాన మండే బొగ్గుకు పని కల్పిస్తాయి. ఒక ప్రాణానికి స్వస్థత చేకూరుస్తున్న మందిరమే వెలుపలి గాలికి, నీటికి, నేలకు భారమవుతున్నది.

ఈ భారం స్వల్పమైనది కాదు. భూతాపాన్ని పెంచే వాయువులలో నూటికి 4.4 వంతులు ప్రపంచంలోని ఆరోగ్యరంగం నుండే వెలువడుతున్నట్లు 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక అంచనా కట్టింది. ఆసుపత్రి లోపల ఈ భారమంతా సమంగా పంచబడి లేదు. చదరపు గజానికి లెక్కగడితే శస్త్రచికిత్సా మందిరాలు ఆసుపత్రిలోని తక్కిన భాగాలకంటె మూడు నుండి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని వినియోగిస్తున్నట్లు ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలోని మూడు పెద్ద ఆసుపత్రులను పోల్చి చూసిన పరిశోధకులు 2017లో తెలిపారు. ఆసుపత్రి వ్యర్థాలలో ఐదో వంతు నుండి మూడో వంతు వరకు ఈ మందిరాలనుండే వస్తున్నవి.

అలాగని శస్త్రచికిత్సలను తగ్గించమని ఎవరూ కోరలేరు. ప్రపంచంలో సుమారు 500 కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స సకాలంలో, భరించదగిన వ్యయంతో లభించడంలేదని 2015లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘం వెల్లడించింది. ఏటా మరో 14.3 కోట్ల ఆపరేషన్లు అవసరమని ఆ సంఘమే లెక్కగట్టింది. ఆ అవసరంలో పెద్దభాగం దక్షిణాసియా, ఆఫ్రికా దేశాలది. చేయవలసిన ఆపరేషన్లు ఇన్ని ఉండగా, వాటి వలన పర్యావరణానికి కలిగే హాని మాత్రం అదే నిష్పత్తిలో పెరగరాదు. ఈ రెండు లక్ష్యాలనూ ఒక్కసారే సాధించడం సాధ్యమా అన్నదే నేటి ప్రశ్న. దీనికి ఒక సమాధానం దక్షిణ భారతదేశంలోని మదురై నగరం నుండి వచ్చింది.

వాడి పారవేసే అలవాటు

వాడిన ప్రతి వస్తువునూ పారవేయడం శస్త్రవైద్యానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. సుశ్రుత సంహిత 101 యంత్రాలను, 20 శస్త్రాలను వర్ణించింది. వాటిని మేలైన లోహంతో ఎలా చేయించాలో, ఎలా పదును పెట్టాలో, ఎలా భద్రపరచాలో కూడా అది వివరించింది. మంచి పరికరం వైద్యుని జీవితకాలపు సొత్తు. 1867లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలలోని క్రిములను అరికట్టవచ్చునని ప్రకటించాడు. 1879లో పాశ్చర్ సహచరుడైన చార్లెస్ చాంబర్‌లాండ్ పీడనంతో కూడిన ఆవిరిపాత్రను, అంటే ఆటోక్లేవును రూపొందించాడు. మన ఇంటి ప్రెషర్ కుక్కరు ఏ సూత్రంమీద పనిచేస్తుందో ఇదీ ఆ సూత్రంమీదనే పనిచేస్తుంది. 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచితే మొండి సూక్ష్మజీవులు సైతం నశిస్తాయి. ఆ తరువాత సుమారు 80 ఏళ్లపాటు ప్రపంచమంతటా శస్త్రచికిత్సకు ఆధారం ఈ ఆవిరే. గాజు సిరంజీలు, నూలు వస్త్రాలు, ఉక్కు పళ్లేలు ఉతికి, కడిగి, ఉడికించి మళ్లీ మళ్లీ వాడబడేవి.

1960వ దశకం నుండి చౌక ప్లాస్టిక్ వచ్చి ఈ పద్ధతిని మార్చివేసింది. క్రిమిరహితం చేసి సంచిలో అమర్చిన వస్తువును విప్పి, వాడి, పారవేయడం సులభమైనది. 1980వ దశకంలో ఎయిడ్స్ వ్యాధి బయటపడినప్పుడు ఆ భయం ఈ అలవాటును మరింత బలపరచింది. సూదులు, సిరంజీల విషయంలో ఈ మార్పు లక్షలాది ప్రాణాలను కాపాడింది. అందులో సందేహం లేదు. కాని సూదికి వర్తించే నియమమే గౌనుకు, పళ్లేనికి, కత్తెరకు కూడా వర్తించాలన్న భావన క్రమంగా వ్యాపించింది. పారవేయక తప్పనిది ఏది, అలవాటు కొద్దీ పారవేస్తున్నది ఏది అన్న వివేచన మరుగునపడింది.

మదురై అనుభవం

1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉద్యోగ విరమణ చేసి, మదురైలో 11 పడకలతో అరవింద్ నేత్ర వైద్యశాలను ప్రారంభించారు. యౌవనంలో సోకిన కీళ్లవాతం వలన ఆయన వేళ్లు వంకరపోయాయి. అయినా ఆ వేళ్లతోనే పరికరాలు పట్టడం అభ్యసించి వేలకొలది కంటి ఆపరేషన్లు గావించిన వైద్యుడాయన. ఆయన ముందున్న సమస్య పర్యావరణం కాదు, అంధత్వం. దేశంలో లక్షలాది మంది కంటిశుక్లం వలన చూపు కోల్పోతున్నారు. చికిత్స తెలుసు, అది చేయగలవారు కొద్దిమంది, భరించగల రోగులు అంతకంటె కొద్దిమంది. కావున ఆపరేషనుకయ్యే ప్రతి నిమిషాన్నీ, ప్రతి వస్తువునూ, ప్రతి రూపాయినీ పొదుపుగా వాడుకొనే ఏర్పాటు కావలసి వచ్చింది.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒక శస్త్రవైద్యునికి రెండు బల్లలుంటాయి. ఒక బల్లమీద ఆపరేషను జరుగుతుండగా రెండవ బల్లమీద మరొక రోగిని సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే వైద్యుడు సూక్ష్మదర్శినిని రెండవ వైపునకు తిప్పుకొంటాడు. గ్రామాలనుండి వచ్చిన యువతులు ఇక్కడే శిక్షణ పొంది సహాయకులుగా పనిచేస్తారు. ఎవరి పని వారిది, అది ప్రతిసారీ ఒకే క్రమంలో సాగుతుంది. కంటిని తాకే లోహ పరికరాలు ప్రతి రోగికీ వేరుగా క్రిమిరహితమైన జతగా వస్తాయి. వాడిన జత వెంటనే శుద్ధికి వెళ్లి తిరిగి వస్తుంది. వైద్యుడు రోగి రోగికీ గౌను మార్చడు. చేతి తొడుగులను రోగికీ రోగికీ నడుమ క్రిమిసంహారక ద్రావణంతో శుద్ధి చేసుకొంటాడు. ఒక చుక్కలమందు సీసా ఒక్క రోగితోనే చెత్తబుట్టకు పోదు. పైకప్పే వస్త్రాలలో ఉతికి మళ్లీ వాడేవి అనేకం. 1992లో ఈ సంస్థకు అనుబంధంగా వెలసిన ఆరోల్యాబ్ కంటిలోపల అమర్చే కృత్రిమ కటకాలను మదురైలోనే తయారుచేయడం ప్రారంభించి, విదేశాలనుండి ఎంతో ఖరీదుకు తెప్పించుకొనవలసిన అవసరాన్ని తొలగించింది.

ఈ పొదుపు పర్యావరణానికి ఎంత మేలు చేసిందో తెలుసుకొనడానికి పరిశోధకులు ఇక్కడ జరిగే ఒక్కొక్క శుక్లం ఆపరేషనును ఆసాంతం లెక్కగట్టారు. శ్రవణాతీత ధ్వనితరంగాలతో శుక్లాన్ని ముక్కలుచేసి పీల్చివేసే ఫేకో పద్ధతిని వారు ఎన్నుకొన్నారు. విద్యుత్తు, వస్తువుల తయారీ, శుద్ధి, వ్యర్థాలు అన్నిటినీ కలుపుకొని 2017లో వారు ప్రకటించిన ఫలితం ఇది: ఒక ఆపరేషనుకు వెలువడే హానికర వాయువులు కార్బన్ డయాక్సైడ్, అంటే బొగ్గుపులుసు వాయువు లెక్కన సుమారు 6 కిలోలు. బ్రిటన్‌లో ఇదే ఆపరేషనుకు వెలువడేదానిలో ఇది సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. ఇక్కడ ఒక ఆపరేషనుకు ఏర్పడే వ్యర్థం సుమారు 250 గ్రాములు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి ముడిసరుకుగా మారుతున్నవి.

ఇంత వ్యత్యాసం ఎలా ఏర్పడిందో గ్రహించడానికి బ్రిటన్ లెక్కలే తోడ్పడతాయి. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో శుక్లం ఆపరేషన్లను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అక్కడి భారంలో సగానికి పైగా వస్తుసామగ్రి కొనుగోలునుండే వచ్చింది. భవనానికి వాడిన శక్తిది మూడో వంతుకు పైగా, ప్రయాణాలది సుమారు పదో వంతు. అంటే ఆసుపత్రి పొగగొట్టంలో కనిపించని పొగ, ఆసుపత్రి కొనే వస్తువులను తయారుచేసిన కర్మాగారాలలో ముందుగానే వెలువడి ఉన్నదన్నమాట. అమెరికాలోని ఈశాన్య ప్రాంతంలో నాలుగు కేంద్రాలను పరిశీలించి 2019లో ప్రకటించిన మరొక అధ్యయనంలో, శుక్లం ఆపరేషన్లకు తెప్పించిన మందులలో పరిమాణం రీత్యా నూటికి 45 వంతులు వాడకుండానే మిగిలిపోయినట్లు తేలింది. వాడని మందును తయారుచేయడానికీ శక్తి ఖర్చవుతుంది, పారవేయడానికీ ఖర్చవుతుంది.

పొదుపు వలన రోగికి ముప్పు లేదా?

మదురై పద్ధతిని విన్నవారికి మొదట కలిగే అనుమానం ఇదే. గౌను మార్చకపోతే, సీసాను పంచుకొంటే చీము పట్టదా? ఈ ప్రశ్నకు అభిప్రాయాలతో సమాధానం చెప్పరాదు, లెక్కలతో చెప్పాలి. శుక్లం ఆపరేషను తరువాత వచ్చే ప్రమాదాలలో అతి భయంకరమైనది కంటి లోపల చీము పట్టడం. అరవింద్ వైద్యశాలల్లో జరిగిన 6 లక్షలకు పైగా ఆపరేషన్ల ఫలితాలను 2017లో ప్రకటించారు. ఆపరేషను చివర కంటిలోపల సూక్ష్మజీవనాశక ఔషధం ఎక్కించే పద్ధతికి పూర్వం, పదివేల ఆపరేషన్లకు సుమారు 7 కళ్లలో ఇది సంభవించేది. ఆ ఔషధాన్ని వాడనారంభించిన తరువాత అది సుమారు 2కు తగ్గింది. సంపన్న దేశాల ఉత్తమ వైద్యశాలల ఫలితాలతో ఇవి సరితూగుతాయి.

ఇందులో ఇమిడియున్న పాఠం గమనార్హమైనది. రోగిని కాపాడినది పారవేసిన వస్తువుల సంఖ్య కాదు. పరికరాల శుద్ధి, సరియైన ఔషధం, నిత్యాభ్యాసం గల చేతులు, ప్రతి ఆపరేషను ఫలితాన్నీ నమోదుచేసి పరిశీలించే క్రమశిక్షణ కాపాడినవి.

అదే సమయంలో ఈ అనుభవానికి గల పరిమితులనూ గుర్తించాలి. శుక్లం ఆపరేషను కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. గాయం చాలా చిన్నది, రక్తస్రావం దాదాపు ఉండదు, పూర్తి మత్తు అవసరం కాదు. గుండె, ఉదరం, ఎముకల ఆపరేషన్లకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్లు అనుకరించడం సాధ్యం కాదు. అనుకరించదగినది ఆ పద్ధతి వెనుకనున్న ప్రశ్న: ఈ వస్తువు వలన రోగికి మేలు కలుగుతున్నట్లు రుజువున్నదా, లేక అలవాటు మాత్రమే ఉన్నదా?

ఈ ఆలోచన మదురైకే పరిమితం కాలేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో నేత్రవైద్యం అభ్యసించిన నేపాల్ వైద్యుడు డాక్టర్ సందుక్ రుయిత్ 1994లో కాఠ్మండులో తిలగంగ నేత్ర వైద్యశాల స్థాపనకు పూనుకొన్నారు. ఖరీదైన యంత్రం లేకుండా చిన్న గాటుతో, కుట్లు లేకుండా శుక్లాన్ని తీసివేసే పద్ధతిని హిమాలయ గ్రామాలకు తీసుకువెళ్లారు. కటకాలను అక్కడే తయారుచేయించారు. యంత్రం తక్కువ, విద్యుత్తు తక్కువ, వ్యర్థం తక్కువ, కాని చూపు మాత్రం పూర్ణం. ఒక దేశంలో నేర్చిన విద్య పొరుగు దేశంలో వికసించి, అక్కడి అనుభవం తిరిగి అందరికీ ఉపకరించడం ఈ ఉపఖండానికి కొత్త కాదు.

పునర్వినియోగానికి హద్దులు

పునర్వినియోగం అనే మాట వైద్యరంగంలో రెండంచుల కత్తి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో కామెర్ల వ్యాధి విజృంభించి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఒకరికి వాడిన సిరంజీలను, సూదులను మరొకరికి వాడడం వలన హెపటైటిస్ బి క్రిమి వ్యాపించినట్లు విచారణలో బయటపడింది. వాడి పారవేయడానికి తయారైన వస్తువును శుద్ధి చేయకుండా మళ్లీ వాడడం పొదుపు కాదు, నేరం. మళ్లీ మళ్లీ వాడుటకే తయారైన వస్తువును శాస్త్రీయంగా శుద్ధిచేసి వాడడం వేరు. ఈ భేదం తెలియని చోట పర్యావరణం పేరు చెప్పడం కూడా ప్రమాదమే.

రెండవ హద్దు శక్తికి సంబంధించినది. గౌనును ఉతకడానికి నీరు, వేడిచేయడానికి ఇంధనం కావాలి. అయినప్పటికీ అనేకసార్లు ఉతికి వాడే శస్త్రచికిత్స గౌను, పారవేసే గౌనుకంటె సుమారు మూడింట రెండు వంతుల మేర తక్కువ హానికర వాయువులకు కారణమవుతున్నదని అమెరికాలో 2020లో ప్రకటించిన అధ్యయనం తెలిపింది. కాని ప్రతి వస్తువుకూ, ప్రతి దేశానికీ ఇదే ఫలితం రాదు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సామగ్రి విషయంలో ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో ఒక విశేషాన్ని వెల్లడించారు. విద్యుత్తులో ఎక్కువభాగం బొగ్గునుండి వచ్చే తమ రాష్ట్రంలో శుద్ధిచేసి వాడితే వాయు ఉద్గారాలు కొద్దిగా, అంటే నూటికి 10 వంతుల మేర పెరుగుతాయి. అదే పని బొగ్గు వాడకం తక్కువగా ఉన్న ఐరోపాలో చేస్తే 84 వంతులు తగ్గుతాయి. ఖర్చు మాత్రం ఆస్ట్రేలియాలోనూ తగ్గింది.

భారతదేశానికి ఈ ఫలితం ప్రత్యేకంగా వర్తిస్తుంది. మన విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గునుండే వస్తున్నది. కావున పునర్వినియోగం, సౌరశక్తి కలిసి నడవవలసినవి. ఆటోక్లేవును నిండుగా సర్ది నడపడం, పనిలేనప్పుడు ఆపివేయడం, నీటిని వేడిచేయడానికి సూర్యరశ్మిని వినియోగించడం వంటి చిన్న పనులు ఇక్కడ పెద్ద ఫలితమిస్తాయి. సగం నిండిన ఆటోక్లేవుకు నిండినదానికంటె ఖర్చు అంతగా తగ్గదన్న సంగతి వంటయింట్లో కుక్కరు పెట్టే ప్రతివారికీ తెలిసినదే.

నాలుగు రంగుల క్రమశిక్షణ

ఎంత పొదుపు చేసినా కొంత వ్యర్థం తప్పదు. దానిని వేరుచేయడంలోనే సగం పరిష్కారం ఉన్నది. ఆసుపత్రి వ్యర్థాలలో నూటికి 85 వంతులు మామూలు చెత్తేనని, 15 వంతులు మాత్రమే ప్రమాదకరమైనవని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. ఈ 15 వంతులను మిగిలినదానితో కలిపినట్లయితే నూరు వంతులూ ప్రమాదకరమే అవుతాయి.

భారత ప్రభుత్వం 1998లో తొలిసారిగా జీవవైద్య వ్యర్థాల నియమాలను ప్రకటించింది. 2016లో వాటి స్థానంలో సమగ్రమైన కొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం శరీరభాగాలు, రక్తంతో తడిసిన దూది, వస్త్రాలు పసుపు సంచిలోకి పోవాలి. వీటిని కాల్చివేస్తారు, లేదా అనుమతించిన చోట లోతుగా పూడ్చివేస్తారు. ప్లాస్టిక్ గొట్టాలు, సూది తీసిన సిరంజీలు, చేతి తొడుగులు ఎర్ర సంచిలోకి పోవాలి. వీటిని ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలు చేసి, తిరిగి ముడిసరుకుగా మారుస్తారు. సూదులు, కత్తులు గుచ్చుకొని బయటకు రాని తెల్లని డబ్బాలోకి, గాజు, శరీరంలో అమర్చే లోహభాగాలు నీలిరంగు పెట్టెలోకి చేరాలి. శుద్ధిచేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి నిలువ ఉంచరాదు. 75 కిలోమీటర్ల లోపు సామూహిక శుద్ధి కేంద్రం ఉన్న ఆసుపత్రి సొంత కొలిమి పెట్టుకొనరాదు.

ఈ రంగుల వెనుక రసాయనశాస్త్రం ఉన్నది. క్లోరిన్‌తో కూడిన ప్లాస్టిక్‌ను సరియైన వేడి లేకుండా కాల్చితే డయాక్సిన్లు అనే అతి విషపూరిత పదార్థాలు గాలిలో కలుస్తాయి. ఒక గొట్టాన్ని ఎర్ర సంచికి బదులు పసుపు సంచిలో వేసిన క్షణకాలపు అజాగ్రత్త, కొలిమి సమీపంలోని గ్రామం పీల్చే గాలిలో తేలుతుంది. ఆపరేషను ముగించి అలసియున్న సిబ్బందికి ఏ సంచి ఎక్కడ ఉన్నదో వెదుక్కొనే పని పెట్టకుండా, బల్ల పక్కనే వాటిని అమర్చడం పాలకుల బాధ్యత.

ఈ నియమాలు ఆచరణలో ఫలించిన ఉదాహరణలు ఉన్నవి. కేరళలో భారత వైద్య సంఘం శాఖ స్వయంగా పూనుకొని పాలక్కాడ్‌లో సామూహిక శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పి రాష్ట్రంలోని వేలాది వైద్యశాలల వ్యర్థాలను సేకరిస్తున్నది. నేపాల్ రాజధానిలోని ప్రాచీనమైన బీర్ ఆసుపత్రి, వ్యర్థాలను కాల్చడానికి బదులు ఆవిరితో శుద్ధిచేసి, పనికివచ్చేవాటిని తిరిగి వినియోగంలోకి పంపే పద్ధతిని చేపట్టి ఇతర ఆసుపత్రులకు మార్గదర్శకమైనది.

కంటికి కనిపించని భారం

శరీరంలోకి పీల్చిన మత్తువాయువులో మన దేహం వినియోగించుకొనేది అత్యల్పం. మిగిలినదంతా ఊపిరితోపాటు బయటకు వస్తుంది. ఆపరేషను గదిలోని వారికి హాని కలుగకుండా గొట్టాలద్వారా దానిని బయటకు పంపుతారు. బయట అది భూతాపాన్ని పెంచే దుప్పటిలో ఒక పోగు అవుతుంది.

అన్ని మత్తువాయువులూ ఒకటి కావు. నూరేళ్ల కాలానికి లెక్కగడితే ఒక కిలో డెస్‌ఫ్లూరేన్ సుమారు 2,500 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన తాపాన్ని కలిగిస్తుంది. అదే పని చేయగల సెవోఫ్లూరేన్ కలిగించే తాపం దానికంటె ఎంతో తక్కువ. పూర్వకాలం నుండి వాడుకలో ఉన్న నైట్రస్ ఆక్సైడ్ గాలిలో నూరేళ్లకు పైగా నిలిచి, ఓజోన్ పొరను కూడా దెబ్బతీస్తుంది. బ్రిటన్ ఆసుపత్రులలో గోడలవెంట సాగే గొట్టాలను పరీక్షించినప్పుడు, ఈ వాయువులో అధికభాగం ఏ రోగికీ చేరకుండానే కారిపోతున్నట్లు కనుగొన్నారు. పెద్ద గొట్టాల వ్యవస్థను మూసివేసి మత్తుయంత్రం పక్కన చిన్న సిలిండరు పెట్టుకొంటే ఈ నష్టం తొలగిపోతుంది.

ఇక్కడ మార్పుకు కోట్ల వ్యయం అవసరం లేదు. 2023లో స్కాట్లండు తన ప్రభుత్వ ఆసుపత్రులలో డెస్‌ఫ్లూరేన్ సరఫరాను నిలిపివేసి ఈ విషయంలో ప్రథమ దేశమైనది. మరుసటి సంవత్సరం ఇంగ్లండు అదే బాట పట్టింది. ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుండి తప్పనిసరి వైద్యావసరానికి మాత్రమే దానిని పరిమితం చేస్తూ చట్టం చేసింది. మత్తువైద్యుడు వాయు ప్రవాహాన్ని అవసరమైనంతకే తగ్గించడం, వీలైనచోట రోగి విడిచిన వాయువును శుద్ధిచేసి తిరిగి వలయంలోనే పంపడం, వెన్నులో లేదా నరంవద్ద ఇచ్చే సూదిమందుతో పని జరిగేచోట పూర్తి మత్తు మానడం కూడా మేలైన మార్గాలు. మన జిల్లా ఆసుపత్రులలో కాన్పు ఆపరేషన్లు, కాలి ఆపరేషన్లు అనేకం వెన్నుకు ఇచ్చే మత్తుతోనే జరుగుతున్నవి. తక్కువ వనరులలో నేర్చిన ఆ నైపుణ్యం వెనుకబాటు గుర్తు కాదని ఇప్పుడు విదితమవుతున్నది.

గాలిని గురించి కూడా ఇదే చెప్పవచ్చు. ఆపరేషను జరుగుతున్నప్పుడు గదిలోని గాలి గంటకు 20 సార్లు మారడం రోగి రక్షణకు అవసరం. అర్ధరాత్రి తాళం వేసిన ఖాళీగదిలో అదే వేగంతో గాలిని తిప్పడం వలన ఎవరికీ ప్రయోజనం లేదు. గదిలో పీడనం నిలిచియుండేటంత మేరకు వేగాన్ని తగ్గించి, తెల్లవారుజామున తిరిగి పెంచే అమరిక నేడు సులభసాధ్యం.

రోగి నడిచే దూరం

ఆపరేషను భారం ఆసుపత్రి గోడల లోపలే ఉండదు. పరీక్షకు ఒకసారి, చికిత్సకు ఒకసారి, తిరిగి చూపించుకొనడానికి మరొకసారి రోగి, అతని వెంట వచ్చేవారు చేసే ప్రయాణాలు కూడా అందులో భాగమే. పేదవానికి ఆ ప్రయాణాలు కూలి నష్టం కూడా. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ సమస్యకు పిరమిడ్ ఆకారంలోని వ్యవస్థతో పరిష్కారం చూపింది. సుమారు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం ఉంటుంది. అక్కడ స్థానిక యువతీయువకులే శిక్షణ పొంది పరీక్షలు చేస్తారు. కళ్లజోడుతో సరిపోయే వారు ఊరి దగ్గరనే కళ్లజోడు తీసుకొని వెళతారు. ఆపరేషను నిజంగా అవసరమైనవారే పై కేంద్రానికి ప్రయాణమవుతారు. అరవింద్ సంస్థ కూడా తన గ్రామీణ కేంద్రాలను దూరవైద్యంద్వారా పెద్ద వైద్యశాలలతో అనుసంధానించింది. అన్నిటికంటె తక్కువ భారం కలిగించే ఆపరేషను, అవసరం రాకుండా నివారించబడిన ఆపరేషనే. మధుమేహాన్ని అదుపులో ఉంచడం, రహదారి ప్రమాదాలను తగ్గించడం, వ్యాధిని తొలిదశలో గుర్తించడం శస్త్రచికిత్సా మందిరపు పర్యావరణ ప్రణాళికలో తొలి అధ్యాయం కావాలి.

కర్తవ్యం

2019లో భారత ప్రభుత్వం వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యాలపై జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. పర్యావరణానికి అనుకూలమైన ఆసుపత్రుల నిర్మాణం ఆ కార్యక్రమంలో ఒక అంశం. విధానాలు ఢిల్లీలో రూపొందినా, ఫలితం మాత్రం ఆపరేషను బల్ల పక్కన తేలుతుంది. వస్తువులను కొనే అధికారి ధరతోపాటు వస్తువు ఎన్నిసార్లు ఉపకరిస్తుందో అడగాలి. సామగ్రిని సర్దే నర్సు ఏయే వస్తువులు ప్రతిసారీ విప్పకుండానే తిరిగి వస్తున్నవో, విప్పి వాడకుండానే చెత్తకు పోతున్నవో వ్రాసిపెట్టాలి. ఆమె వ్రాసిన పట్టికను శస్త్రవైద్యుడు గౌరవించి తన జాబితాను కుదించుకొనాలి. మత్తువైద్యుడు తాను వాడిన వాయువు పరిమాణాన్ని తెలుసుకొనాలి. వైద్య కళాశాలలు గాయాన్ని ఎలా కుట్టాలో నేర్పినట్లే, వ్యర్థాన్ని ఎలా తగ్గించాలో నేర్పాలి. మార్పు చేసిన ప్రతి చోటా రోగుల ఫలితాలను నమోదుచేసి పరిశీలించాలి. ఆ లెక్క లేని పొదుపును ఎవరూ నమ్మనవసరం లేదు.

సంపన్న దేశాల ఆసుపత్రులను చూసి నేర్చుకొనవలసినది నేటికీ మనకు ఎంతో ఉన్నది. కాని వాడి పారవేయడమే ఆధునికతకు లక్షణమని భ్రమించి, ఉన్న మంచి పద్ధతులను విడనాడినట్లయితే నష్టపోయేది మనమే. మదురైలో ఒక్క ఆపరేషనులో మిగిలిన ప్రతి వస్తువూ, మందూ, నిమిషమూ మరొక రోగికి చూపు ప్రసాదించడానికి వినియోగపడినవి. పొదుపు చేసినందువలన ఎక్కువమందికి చికిత్స అందినది, ఎక్కువమందికి చికిత్స అందినా భూమికి భారం పెరగలేదు. హాని చేయకుండుట వైద్యుని ప్రథమ ధర్మమని పెద్దలు చెబుతారు. ఆ ధర్మం బల్లమీదనున్న రోగితోపాటు, ఆసుపత్రి గోడ అవతల అదే గాలిని పీల్చి, అదే నీటిని త్రాగే ప్రజలకు కూడా వర్తిస్తుంది. నేడు పాఠశాలల్లో, కళాశాలల్లో చదువుతున్న వారిలో కొందరు రేపు ఆ మందిరాలలో కత్తి పట్టనున్నారు. వారి చేతిలోని కత్తి ఎంత పదునుగా ఉండాలో, దానిని పట్టే చేతికి అంత వివేకమూ ఉండాలి.